చిన్న ఎస్‌యూవీతో ఎడారి దారుల్లో: ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎక్కడ ఆగాలి

లాంగ్ వీకెండ్ దగ్గరపడిందంటే కాలిఫోర్నియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న కనిపిస్తుంది: “మాది సుబారు క్రాస్‌ట్రెక్. డెత్ వ్యాలీలో రేస్‌ట్రాక్ దాకా వెళ్తుందా?” క్రాస్‌ట్రెక్ ఒక చిన్న ఎస్‌యూవీ. రేస్‌ట్రాక్ అంటే పందేల ట్రాక్ కాదు, అక్కడ మట్టిదారి చివరనున్న ఒక చూడదగ్గ చోటు. కాసేపట్లో జవాబులు మొదలవుతాయి. ఒకరు “మేం మామూలు కారులోనే వెళ్లొచ్చాం, ఏమీ కాలేదు” అంటారు. ఇంకొకరు “జీప్ లేకుండా అటు వెళ్లకండి, మాకు రెండు టైర్లు పోయాయి” అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అడిగినవాళ్లకు మాత్రం ఏం చేయాలో పాలుపోదు.

“వెళ్తుందా” అన్న ఒక్క మాటలో చాలా విషయాలు కలిసిపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. బండి అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉంది, చక్రాలకు శక్తి ఎలా అందుతుంది, దారి మీద ఉన్నది ఇసుకా రాళ్లా, టైరు పోతే ఏం చేస్తాం, వెనక్కి తిరిగే చోటుందా అన్నవన్నీ వేర్వేరు ప్రశ్నలు. వీటిని విడదీసి చూసుకుంటే, షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న చిన్న ఎస్‌యూవీకి కూడా ఎడారిలో బోలెడన్ని దారులున్నాయి. ఉదాహరణలన్నీ దక్షిణ కాలిఫోర్నియా నుంచే తీసుకుంటున్నాను. డెత్ వ్యాలీ, జాషువా ట్రీ, ఆంజా-బొరేగో మనవాళ్లు తరచూ వెళ్లేవి, వాటి దారుల గురించి పార్కులే కావలసినంత సమాచారం ఇస్తాయి.

బ్రోషర్‌లోని అంగుళాలు

అందరూ మొదట చూసేది గ్రౌండ్ క్లియరెన్స్. క్రాస్‌ట్రెక్, ఫారెస్టర్ రెండింటికీ 8.7 అంగుళాలు. టయోటా రావ్4కి ఎనిమిదికి కాస్త పైన. జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి పదికి పైనే. ఈ లెక్కన క్రాస్‌ట్రెక్‌కీ జీప్‌కీ తేడా రెండు మూడు అంగుళాలే కదా అనిపిస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు కానీ, అది బండి మధ్యలో ఎత్తు గురించి మాత్రమే చెబుతుంది. ముందు బంపర్ కింది అంచుకు రాయి తగలకుండా ఎంత ఏటవాలు ఎక్కగలమో అది చెప్పదు.

దాన్ని చెప్పేది అప్రోచ్ యాంగిల్. క్రాస్‌ట్రెక్‌కి ఇది సుమారు 18 డిగ్రీలు, రూబికాన్‌కి నలభైకి పైన. అసలు తేడా ఇక్కడుంది. వాగులోకి దిగి మళ్లీ గట్టు ఎక్కేచోట, రాతి మెట్టు ఎదురైనచోట చిన్న ఎస్‌యూవీకి ముందు తగిలేది దాని ముక్కే. అడుగున ఇంకా జాగా ఉన్నా ప్లాస్టిక్ బంపర్ నేలలో గుచ్చుకుంటుంది. అలాంటి చోట గట్టును నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఇంకో చక్రం ఎక్కేలా తీసుకుంటే కొంత పని జరుగుతుంది. వెనక భాగం మాత్రం ఈ బండ్లకు పొట్టిగా ఉంటుంది కాబట్టి దిగేటప్పుడు పెద్దగా ఇబ్బంది ఉండదు.

ఇంకో సంగతి మనవాళ్ల విషయంలో చాలా ముఖ్యం. ఆ అంగుళాలు ఖాళీ బండికి కొలిచినవి. చలికాలంలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టి, డిక్కీ నిండా సామాను, నీళ్ల క్యాన్లు, కూలర్ పెట్టుకుని బయల్దేరతాం. వెనక స్ప్రింగులు కుంగుతాయి. ఇంట్లో ఒక్కరే నడిపినప్పుడు ఉన్న ఎత్తు అక్కడ ఉండదు. ఒక్కరే వెళ్లి వీడియో తీసి పెట్టినవాళ్ల బండి, అయిదుగురితో వెళ్లే మీ బండి ఒకే మోడల్ అయినా ఒకే బండి కాదు. పైగా గంటలకొద్దీ కుదుపులు పెద్దవాళ్ల నడుములకూ మోకాళ్లకూ మంచివి కావు. దారిని ఎంచుకునేటప్పుడు బండిలో ఎవరున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నట్టేనా?

ఉన్నట్టు కాదు. ఇందులో యంత్రానికి సంబంధించిన కారణం ఒకటి, చట్టానికి సంబంధించినది ఇంకొకటి.

చిన్న ఎస్‌యూవీల్లో ఉండే ఆల్ వీల్ డ్రైవ్ నాలుగు చక్రాలకూ శక్తి పంపుతుంది, నిజమే. కానీ ఒక చక్రం గాల్లోకి లేస్తే శక్తి అంతా ఆ తిరిగే చక్రం వైపే పోతుంది. అప్పుడు కంప్యూటర్ ఆ చక్రానికి బ్రేకు వేసి మిగతా వాటికి శక్తి మళ్లిస్తుంది. సుబారులో ఎక్స్-మోడ్ చేసేది ఇలాంటి పనే. ఇది బాగానే పనిచేస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా, ఒక హద్దు వరకు.

అసలు లోటు లో-రేంజ్ గేరు లేకపోవడం. జీప్‌లోనో టయోటా ఫోర్‌రన్నర్‌లోనో లో-రేంజ్ వేస్తే ఇంజిన్ తిప్పే బలం (టార్క్) కొన్ని రెట్లు పెరిగి చక్రాలకు అందుతుంది. రూబికాన్‌లో అది నాలుగు రెట్లు. బండి నత్తనడకన రాయి మీదికి ఎక్కి, అదే నడకన దిగుతుంది. ఆ గేరు లేని బండి రాతి మెట్టు ఎక్కాలంటే వేగం కావాలి. వేగంతో రాయిని తాకితే టైరో, రిమ్మో, అడుగునున్న భాగమో దెబ్బతింటుంది. దిగేటప్పుడు ఇంజిన్ పట్టు సరిపోక బ్రేకుల మీద ఆధారపడాలి, పొడవాటి దిగుడులో అవి వేడెక్కుతాయి. వీటికి తోడు ఈ బండ్లలో ఎక్కువ వాటికి సీవీటీ గేరుబాక్స్ (మెట్లు మెట్లుగా గేర్లు లేకుండా బెల్టుతోనో గొలుసుతోనో నడిచేది) ఉంటుంది. మెత్తటి ఇసుకలోనో నిలువు ఎక్కుడులోనో చాలాసేపు తక్కువ వేగంతో బలంగా లాగితే దాని ఆయిల్ వేడెక్కుతుంది. సుబారుల్లో దానికి హెచ్చరిక లైటు కూడా ఉంది. అది వెలిగితే సురక్షితమైన చోట ఆపి, ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచి, లైటు ఆరేదాకా ఆగాలి.

ఇక చట్టం. డెత్ వ్యాలీ పార్కు నిబంధనల్లో హై క్లియరెన్స్ బండి అంటే ఏమిటో రాసి ఉంది: కనీసం 15 అంగుళాల రిమ్ములు, బండి అడుగున అతి కిందనున్న భాగం నుంచి నేలకు కనీసం 8 అంగుళాలు. క్రాస్‌ట్రెక్, ఫారెస్టర్ ఇందులోకి వస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అనిపించుకోవాలంటే వీటితో పాటు డ్రైవరు చేత్తో వేసుకునే ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తి రెండు చక్రాలకా నాలుగింటికా, హై గేరా లో గేరా అని మార్చే పెట్టె) ఉండాలి, ఆల్ వీల్ డ్రైవ్ బండికీ దానికీ తేడా అదేనని నిబంధన స్పష్టంగా చెబుతుంది. యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ పార్కూ ఇదే పద్ధతి పాటిస్తుంది. అంటే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి అని బోర్డు ఉన్న దారిలో మీ బండి చక్కగా నడిచినా రేంజర్ జరిమానా వేయవచ్చు. “నా బండి వెనక ఏడబ్ల్యుడీ అని రాసి ఉంది కదా” అంటే అక్కడ చెల్లదు. ఈ నిబంధన కఠినంగా అనిపించవచ్చు కానీ నాకది సబబుగానే తోస్తుంది. ఇరుక్కున్న బండిని తీయడానికి వచ్చేవాళ్లు కూడా అదే దారిలో రావాలి.

టైర్ల దగ్గరే తేలేది

క్లియరెన్స్ గురించి ఎంత చర్చ జరిగినా, నా దృష్టిలో చిన్న ఎస్‌యూవీ హద్దును నిర్ణయించేది దాని టైర్లు. దీనికి రేస్‌ట్రాక్ దారిని మించిన ఉదాహరణ లేదు.

రేస్‌ట్రాక్ ఒక ఎండిన సరస్సు నేల. దాని మీద రాళ్లు వాటంతట అవే జరిగినట్టు పొడవాటి జాడలు కనిపిస్తాయి. చలికాలపు రాత్రుల్లో పలచటి నీటిపొర గడ్డకట్టి, ఆ మంచు పలకలు గాలికి కదులుతూ రాళ్లను తోస్తాయని శాస్త్రవేత్తలు కళ్లారా చూసి 2014లో ప్రచురించారు. చూడదగ్గ చోటే. అక్కడికి చేరాలంటే ఉబెహీబీ క్రేటర్ దగ్గర తారు రోడ్డు దిగి 27 మైళ్ల మట్టిదారిలో వెళ్లాలి. ఆ దారిలో పెద్ద మెట్లు లేవు, నిలువు ఎక్కుళ్లు లేవు, లోతైన ఇసుక కూడా దాదాపు లేదు. క్లియరెన్స్ లెక్కన చూస్తే ఫారెస్టర్‌కి హాయిగా సరిపోతుంది. మామూలు కారులో వెళ్లొచ్చినవాళ్లు చెప్పేది అందుకే నిజం.

అయితే ఆ 27 మైళ్లలో చాలా భాగం అలలు అలలుగా గట్టిపడిన వాష్‌బోర్డ్. దాని మీద కత్తిలాంటి అంచులున్న రాళ్లు పరుచుకుని ఉంటాయి. ఇక్కడ పంక్చర్లు మామూలని పార్కే హెచ్చరిస్తుంది. చిన్న ఎస్‌యూవీలకు కంపెనీ వేసే టైర్లు హైవే మీద మెత్తగా, చప్పుడు లేకుండా, తక్కువ పెట్రోలుతో నడవడానికి చేసినవి. వాటి సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) పలచన. నేలకు తగిలే భాగంలో మేకు దిగితే ప్లగ్ కిట్‌తో మూయవచ్చు. సైడ్‌వాల్ చీలితే ఆ టైరు ఇక పనికిరాదు.

అప్పుడు స్టెప్నీ తీస్తారు. అది ఆ సన్నటి, తాత్కాలిక చక్రం. తారు రోడ్డు మీద కొద్ది దూరం, తక్కువ వేగంతో వెళ్లడానికి ఇచ్చింది. అదే టైరు చీల్చిన రాళ్ల మీద ఇరవై మైళ్లు దాన్ని నమ్ముకుని వెనక్కి రావాలి. ఆల్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు చక్రాల చుట్టుకొలతలూ ఒకటిగా లేకపోతే మధ్యలో ఉన్న క్లచ్చుల మీద అదనపు భారం పడుతుంది. రెండో టైరు కూడా పోతే ఇక అంతే, ఫోన్ సిగ్నల్ ఉండదు. తారు రోడ్డు దాటిన చోటికి టోయింగ్ బండి రావడానికి వేల డాలర్లు అడుగుతారు, చాలా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పాలసీలు దాన్ని ఇవ్వవు.

కాబట్టి రేస్‌ట్రాక్ గురించి నా జవాబు ఇది: ఆల్-టెర్రెయిన్ టైర్లు (మట్టినీ రాళ్లనూ తట్టుకునేలా చేసినవి), అసలు సైజు స్టెప్నీ, గాలి నింపుకునే చిన్న కంప్రెసర్ ఉంటే క్రాస్‌ట్రెక్‌తో చలికాలంలో వెళ్లవచ్చు. ఈ మూడూ లేకపోతే వద్దు. కంపెనీ టైర్లతో వెళ్లి ఏమీ కాకుండా తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరికి ఏ రాయి తగులుతుందో ముందే చెప్పలేం కాబట్టి వాళ్ల అనుభవం మీకు హామీ కాదు.

బండికి ఒక్క మార్పే చేయించుకోగలిగితే నేను టైర్లకే డబ్బు పెట్టమంటాను. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్లు చూడటానికి బాగుంటాయి కానీ టైరు పలచగా ఉంటే అవి కాపాడలేవు. టైర్ల తర్వాత అడుగున లోహపు స్కిడ్ ప్లేట్. అంతటితో ఆగినా చాలు.

గాలి తగ్గించడం కూడా ఇక్కడే చెప్పాలి. తలుపు మీది స్టిక్కర్‌లో 33 పీఎస్ఐ అని ఉంటే, రాళ్లూ వాష్‌బోర్డూ ఉన్న దారిలో 25 దాకా తగ్గిస్తే టైరు రాయి మీద ఒదిగి వెళ్తుంది, కుదుపూ తగ్గుతుంది. మెత్తటి ఇసుకలో 20కి, అవసరమైతే ఇంకాస్త కిందికి. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. గాలి తగ్గించిన టైర్లతో వేగంగా వెళ్లకూడదు, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి.

దారిలో అతి చెడ్డ చోటు

ట్రైల్ యాప్‌లలో ప్రతి దారికీ ఒక రేటింగ్ ఉంటుంది, పదికి మూడు, పదికి అయిదు అని. వాటిని సినిమా రేటింగ్ లాగా సగటు అనుకుంటే పొరపాటు. ముప్పై మైళ్ల దారిలో ఇరవై తొమ్మిది మైళ్లు చక్కగా ఉండి ఒక్కచోట రాతి మెట్టు ఉంటే, మీ బండికి ఆ దారి ఆ మెట్టు దగ్గరే అయిపోయింది. దారి వివరాలు చదివేటప్పుడు నేను వెతికేది ఒక్కటే: ఇందులో అన్నిటికంటే చెడ్డ చోటు ఏది, అది మొదట్లో వస్తుందా చివర్లోనా, దాని ముందు బండి తిప్పుకునే జాగా ఉందా?

డెత్ వ్యాలీలోని ఎకో కాన్యన్ దీనికి మంచి నమూనా. మొదటి 3 మైళ్లు హై క్లియరెన్స్ బండి చాలు, కంకరవాగులో సాగే దారి. ఆ తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ కావాలని పార్కే చెబుతుంది. చిన్న ఎస్‌యూవీ ఉన్నవాళ్లు కొండ గోడలు దగ్గరయ్యేదాకా వెళ్లి, వెడల్పైన చోట బండి ఆపి, మిగతాది నడిస్తే ఎంతో బాగుంటుంది. జాషువా ట్రీలో జియాలజీ టూర్ రోడ్డు కూడా అలాంటిదే. మొత్తం 18 మైళ్ల దారి, తొమ్మిదో నంబరు గుర్తు దాకా పొడివాతావరణంలో మామూలు కార్లూ వెళ్తాయి. అక్కడి నుంచి దిగుడు మొదలవుతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటేనే మంచిదని చెబుతారు. ఇలాంటి దారులు చిన్న బండికి బాగా నప్పుతాయి, ఎందుకంటే ఎక్కడ ఆగాలో ముందే తెలుసు, వచ్చిన దారినే వెనక్కి రావచ్చు.

ఇంకో కొసకు వెళ్లి బయటపడే దారులు వేరు. వాటిలో చివరి మైళ్లు ఎలా ఉంటాయో తెలియకుండా దిగితే, చెడ్డ చోటు ఎదురయ్యే వేళకు సగం రోజు గడిచిపోతుంది, ట్యాంకులో సగం పెట్రోలే ఉంటుంది, వెనక్కి వెళ్లడానికి మనసొప్పదు. రేస్‌ట్రాక్ నుంచి సలైన్ వ్యాలీలోకి దిగే లిపిన్‌కాట్ మైన్ రోడ్డు మ్యాపులో దగ్గరి దారిలా కనిపిస్తుంది. ఒకవైపు లోయ, ఇంకోవైపు కొండ, వాన కోసేసిన ఇరుకు దారి అది. చిన్న ఎస్‌యూవీకి పనికిరాదు. దిగడం మొదలుపెట్టాక తిప్పుకునే చోట్లు కూడా తక్కువ.

1996లో జరిగిన విషాదం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, ఆ జూలైలో అద్దె మినీవ్యాన్‌లో డెత్ వ్యాలీకి వచ్చి కనిపించకుండా పోయారు. అక్టోబరులో వాళ్ల వ్యాన్ పార్కు దక్షిణ భాగంలోని అన్విల్ కాన్యన్‌లో దొరికింది, టైర్లు పోయి ఉన్నాయి. పెద్దవాళ్లవని భావించే అవశేషాలు 2009లో గానీ బయటపడలేదు. బ్యూట్ వ్యాలీ మీదుగా మెంగెల్ పాస్ దాటి పడమటి వైపు బయటపడాలని చూసి ఉంటారని, ఆ కనుమ మినీవ్యాన్‌కి అసాధ్యం కావడంతో ఇంకో దారి పట్టారని వెతికినవాళ్ల అంచనా. మ్యాపులో అది కూడా ఒక గీతే. ఈ రోజు ఫోన్‌లో చూసే మ్యాపులో కూడా తారు రోడ్డూ, వాగులో టైరు జాడా దాదాపు ఒకేలాంటి గీతలుగా కనిపిస్తాయి. దూరం చూసి దారి ఎంచే యాప్‌ను ఎడారిలో నమ్మకూడదని అనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

చిన్నప్పుడు మన ఊళ్లలో వర్షాకాలపు మట్టిరోడ్ల మీదా, వాగుల్లోంచీ బండి నడిపిన అలవాటుతో కొందరికి ధైర్యం ఎక్కువ. ఆ నైపుణ్యం నిజమైనదే. కానీ అక్కడ కారు ఇరుక్కుంటే పది నిమిషాల్లో పొలంలోంచి ట్రాక్టరు వస్తుంది, నలుగురు చేతులేస్తారు. డెత్ వ్యాలీ 34 లక్షల ఎకరాల పార్కు. వారంలో మధ్య రోజైతే కొన్ని దారుల్లో రోజంతా ఇంకో బండి కనపడదు.

ఇసుక వాగులు

ఆంజా-బొరేగోలో ఫాంట్స్ పాయింట్‌కి వెళ్లే దారి సుమారు 4 మైళ్ల ఇసుక వాగు. చివర్లో కోతపడిన మట్టికొండలు కళ్లముందు పరుచుకుంటాయి, ప్రయాణానికి తగిన ప్రతిఫలం. ఇక్కడ రాళ్ల బెడద లేదు, క్లియరెన్స్ కంటే ఊపు ముఖ్యం. ఇసుక గట్టిగా ఉన్న రోజు మామూలు కారూ వెళ్లిపోతుంది. నెలలు వానలేక, వందల బండ్లు తొక్కి పొడిగా మారిన రోజు ఆల్ వీల్ డ్రైవ్ బండి కూడా దిగబడుతుంది.

ఇసుకలోకి దిగే ముందే గాలి తగ్గించుకోవాలి. ఇరుక్కున్నాక తగ్గిద్దామంటే అప్పటికే బండి అడుగు ఇసుకకు ఆనుకుని ఉంటుంది. ట్రాక్షన్ కంట్రోల్ చక్రం జారగానే ఇంజిన్ శక్తి కోసేస్తుంది కాబట్టి మెత్తటి ఇసుకలో దాన్ని ఆపేయడం మేలు. ఆపాల్సి వస్తే బ్రేకు వేయకుండా దానంతట అది ఆగేలా, వీలైతే గట్టి నేల మీద, ముందువైపు వాలుగా ఉన్న చోట ఆపాలి. చక్రాలు తిరుగుతున్నాయే గానీ బండి కదలడం లేదంటే వెంటనే కాలు తీసేయాలి. టెన్షన్‌లో ఇంకా యాక్సిలరేటర్ తొక్కితే గొయ్యి తవ్వుకుంటున్నట్టే. ఒక పార, చక్రాల కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు రెండు ఉంటే చాలాసార్లు అరగంటలో బయటపడవచ్చు. వేరే బండి లాగడానికి వస్తే తాడును బండితో ఇచ్చిన టో హుక్‌కే కట్టాలి. వెనకనుండే ట్రైలర్ బంతికి కట్టడం చాలా ప్రమాదం, అది విరిగి ఎగిరితే ప్రాణాలు తీస్తుంది.

నిరుడు తీసిన వీడియో

ఎడారి దారులు ఏటా ఒకేలా ఉండవు. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను శేషం డెత్ వ్యాలీ మీదుగా వెళ్లినప్పుడు ఫర్నేస్ క్రీక్‌లో ఒక్కరోజే 2.2 అంగుళాల వాన పడింది. అది అక్కడ దాదాపు ఏడాది మొత్తం వాన. రోడ్లన్నీ కొట్టుకుపోయి పార్కు సుమారు రెండు నెలలు మూతపడింది, అక్టోబరు మధ్యలో కొంత భాగం తెరిచారు. మట్టిదారుల్లో చాలా వాటిని బాగుచేయడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. రెడ్ పాస్ మీదుగా, లెడ్‌ఫీల్డ్ పాడుబడ్డ ఊరు పక్కనుంచి సాగే టైటస్ కాన్యన్ 27 మైళ్ల వన్ వే దారి. చిన్న ఎస్‌యూవీలకు ఇష్టమైనదిగా పేరుపడ్డ ఆ దారి కూడా ఆ వరదలో బాగా దెబ్బతిని మూతపడింది. 2021లో తీసిన వీడియో చూసి దాని గురించి నిర్ణయం తీసుకోవడం ఎంత తప్పో చూడండి.

డెత్ వ్యాలీ పార్కు వెబ్‌సైట్‌లో మార్నింగ్ రిపోర్ట్ అని ఒక పేజీ ఉంటుంది. ఏ దారి తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, దేనికి ఎలాంటి బండి కావాలి అన్నది అందులో రాస్తారు. బయల్దేరే రోజు పొద్దున దాన్ని చూడాలి. విజిటర్ సెంటర్‌లో రేంజర్‌ని అడిగేటప్పుడు మీ బండి పేరు, టైర్ల రకం చెప్పి అడిగితే జవాబు కచ్చితంగా వస్తుంది. వాన పడ్డ రెండు మూడు రోజులు మట్టిదారుల్లోకి వెళ్లకపోవడం మంచిది. ఎండిన సరస్సుల అంచులు పైకి గట్టిగా కనిపిస్తాయి, కింద బురద ఉంటుంది. ఇంకో మాట, ఈ పార్కులో ఎండిన సరస్సు నేల మీదికి బండి తోలడం ఎప్పుడూ నేరమే. రేస్‌ట్రాక్ మీద కొందరు తోలిన టైరు జాడలు ఏళ్ల తరబడి చెరగవు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అద్దె బండి అయితే ముందే ఆలోచన మానుకోవడం నయం. అద్దె ఒప్పందాల్లో తారు రోడ్డు దాటకూడదన్న షరతు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దాటితే ఇన్సూరెన్స్ వర్తించదు. యూటాలోని మోయాబ్ లాంటి ఊళ్లలో ట్రైల్స్ కోసమే జీపులు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి, ఒక రోజుకి అవే మేలు.

మొదట ఏవి?

మొదటిసారి వెళ్లేవాళ్లకు డెత్ వ్యాలీలో ట్వంటీ మ్యూల్ టీమ్ కాన్యన్ మంచి మొదలు. 2.7 మైళ్ల వన్ వే మట్టిదారి, తెరిచి ఉంటే మామూలు కార్లకూ సరిపోతుంది. లోన్ పైన్ దగ్గర అలబామా హిల్స్‌లో మూవీ రోడ్డు కూడా అంత సులువైనదే, వెనక మౌంట్ విట్నీ కనిపిస్తుంది. బండి మట్టిలో ఎలా నడుస్తుందో, వాష్‌బోర్డ్ మీద ఏ వేగంలో కుదుపు తగ్గుతుందో, గాలి తగ్గిస్తే స్టీరింగ్ ఎలా మారుతుందో ఈ దారుల్లో తెలుసుకోవచ్చు.

తర్వాత అగరబెర్రీ పాయింట్. తారు రోడ్డు నుంచి సుమారు 6 మైళ్లు, యురేకా గని పక్కనుంచి వెళ్లి 6,400 అడుగుల ఎత్తుకు చేరుతుంది. చివర్లో కాస్త ఇరుకు, కాస్త రాళ్లు. చిన్న ఎస్‌యూవీ తనకోసమే వేసిన దారి అన్నట్టు వెళ్తుంది, పైనుంచి లోయ మొత్తం కనిపిస్తుంది. డాంటేస్ వ్యూ దారి నుంచి షోషోని వైపు వెళ్లే గ్రీన్‌వాటర్ వ్యాలీ రోడ్డు దీనికంటే పొడవు, సుమారు 30 మైళ్లు. కష్టమైన చోట్లు తక్కువ, జనం అంతకంటే తక్కువ. నాకు వ్యక్తిగతంగా రేస్‌ట్రాక్ కంటే ఇదే ఇష్టం. అన్నీ అనుకూలించిన ఏడాది వసంతంలో అక్కడ పూలు పూస్తాయి. బ్యాడ్‌వాటర్‌కు ఎదురుగా లోయ పడమటి అంచున సాగే వెస్ట్ సైడ్ రోడ్డు కూడా ఈ వరుసలోదే, కాకపోతే వరదలకు త్వరగా దెబ్బతింటుంది, తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

మెంగెల్ పాస్, లిపిన్‌కాట్, ఎకో కాన్యన్ పైభాగం, జాషువా ట్రీలో బెర్డూ కాన్యన్ లాంటివి ఈ బండ్లకు వదిలేయండి. కొందరు క్రాస్‌ట్రెక్‌తో వాటిలో కొన్నింటిని దాటారు. వాళ్ల బండ్ల కింద ఏం మిగిలిందో వీడియోలో సాధారణంగా చూపించరు.

ఇవన్నీ నవంబరు నుంచి మార్చి దాకా చేయాల్సిన ప్రయాణాలు. 1913 జూలైలో ఫర్నేస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా లెక్కలో ఉంది. ఇప్పటి జూలైల్లో కూడా 120 దాటడం అక్కడ మామూలు. ఎండాకాలం తారు రోడ్డు దిగొద్దు. చలికాలంలోనైనా మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్ నీళ్లు, అనుకున్నదానికంటే ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చినవాటిలో శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. దాన్ని ఎలా వాడాలో ఇంట్లోనే డెమో చూసుకుని వెళ్లండి, లోతైన కాన్యన్‌లో ఆకాశం సరిగ్గా కనపడక అది అందకపోవచ్చు. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికల్లా తిరిగి సిగ్నల్‌లోకి వస్తారో, ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఒకరికి రాసిచ్చి బయల్దేరండి. బండి ఆగిపోతే దాని దగ్గరే ఉండండి. అది నీడనిస్తుంది, పైనుంచి వెతికే హెలికాప్టర్‌కు మనిషికంటే ముందు కనిపించేది కూడా అదే.